కాగితం మీద ఒట్టు

అది 1391వ సంవత్సరం. జర్మనీలోని న్యూరెంబర్గ్ నగరంలో ఇద్దరు అన్నదమ్ముల్ని పట్టుకెళ్లి ఒక బురుజులోని ఇరుకు గదిలో పెట్టి తాళం వేశారు. వాళ్లు దొంగలు కారు. ఎవర్నీ కొట్టలేదు. ఇటలీ నుంచి పనికోసం కొండలు దాటి వచ్చినవాళ్లు. పేర్లు ఫ్రాన్సిస్కో, మార్కో. యజమాని తన మిల్లుకి మూడో చక్రం పెట్టిస్తానంటే కుదరదన్నారు. అదీ వాళ్లు చేసిన నేరం.

ఆ మిల్లులో ఆడేది పిండి కాదు, నూనే కాదు. అక్కడ తయారయ్యేది కాగితం. దాని యజమాని ఉల్మన్ స్ట్రోమర్. పెద్ద వ్యాపారి, నగరసభలో పెద్దమనిషి. చక్రవర్తులతో, యువరాజులతో మాట్లాడి పనులు చక్కబెట్టుకొచ్చే రకం. ఇంత చిన్న గొడవ 600 ఏళ్లు దాటినా మనదాకా ఎలా వచ్చిందంటే, ఆయనే రాసిపెట్టుకున్నాడు కాబట్టి. ఈ విద్య ఎవరికీ చెప్పబోమని పనివాళ్ల చేత ఒట్లు వేయించుకున్న మనిషే, ఎవరు ఎప్పుడు ఏమని ఒట్టేశారో పూసగుచ్చినట్టు రాసుకున్నాడు. జర్మనీలో కాగితం మిల్లు ఎలా మొదలైందో చెప్పే తొలి ఆధారం ఆ రాతలే!

ఇసుక నేలలో సంపద

న్యూరెంబర్గ్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది రెండో ప్రపంచయుద్ధం అయ్యాక హిట్లర్ అనుచరుల మీద జరిగిన విచారణ. అంతకు ఐదున్నర శతాబ్దాల ముందే ఆ ఊరు యూరప్‌లో పేరుమోసిన వ్యాపార కేంద్రం. నిజానికి అక్కడ పెద్ద ఊరు వెలియడానికి ఒక్క కారణం కూడా కనిపించదు. చుట్టూ ఇసుక నేలలు, పైన్ అడవులు. ఊరి మధ్యలోంచి పారే పెగ్నిట్జ్ నదిలో సరుకుల పడవలు నడవవు. సముద్రం ఎక్కడో దూరాన. పంట పండదు, రేవు లేదు. ఇంక మిగిలింది చేతిపని, బండి మీద వ్యాపారం. న్యూరెంబర్గ్ వాళ్లు ఆ రెంటినే నమ్ముకున్నారు. దాదాపు 70 ఊళ్లలో తమ సరుకు మీద సుంకం లేకుండా 1332 నాటికే చక్రవర్తి దగ్గర ఖాయం చేయించుకున్నారు. ఊరికి ప్రభువంటూ ఎవరూ లేరు. చక్రవర్తి ఒక్కడే పైవాడు. ఆయనేమో ఎప్పుడూ ఎక్కడో ఉంటాడు. అంటే ఊరిని ఏలేది నగరసభే.

ఆ సభలో 42 మంది. అందులో 34 మంది పెద్ద వ్యాపార కుటుంబాలవాళ్లు. కంసాలి, దర్జీ, కసాయి లాంటి చేతివృత్తులవాళ్లకు 1370 తర్వాత ఇచ్చినవి 8 కుర్చీలు. అవీ పేరుకే. 1348లో ఈ వృత్తులవాళ్లు తిరగబడి కొన్నాళ్లపాటు ఊరిని తమ చేతుల్లోకి తీసుకున్నారు. మరుసటి ఏడాది రాజు నాలుగో చార్లెస్ అండతో పాత పెద్దలు తిరిగొచ్చారు. వచ్చీ రాగానే చేసిన పని- వృత్తి సంఘాల్ని రద్దు చేయడం. జర్మనీలో మిగతా ఊళ్లలో సంఘాలు మేయర్లను దించుతున్న రోజుల్లో కూడా న్యూరెంబర్గ్‌లో పనివాడికి సంఘం లేదు. అతని పనికి నియమాలు పెట్టేది సభ. తప్పితే శిక్ష వేసేది కూడా సభే. ఆ తిరుగుబాటు నాటికి ఉల్మన్ స్ట్రోమర్‌కి 19 ఏళ్లు. పెద్దల పక్షం పిల్లాడు. ఆ రెండేళ్లూ చూసింది ఆయన మర్చిపోయి ఉంటాడని అనుకోలేం. బురుజు సంగతి చదివేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

1329 జనవరి 6న పుట్టిన ఉల్మన్, స్ట్రోమర్ల కుటుంబ వ్యాపారంలోనే పెరిగాడు. ఆ కుటుంబం సరుకు ఒకవైపు బార్సిలోనా, జెనోవా, మిలాన్, వెనిస్ దాకా, రెండోవైపు పోలండ్‌లోని క్రాకోవ్ మీదుగా నల్లసముద్రం వైపు దాకా వెళ్లేది. ఒక్కో ఊళ్లో ఒక్కో తూనిక, ఒక్కో నాణెం, ఒక్కో రకం సుంకం. జెనోవాలో తూచిన మూట న్యూరెంబర్గ్‌లో ఎంత తూగుతుందో తెలియకపోతే వ్యాపారి మునిగినట్టే. ఉల్మన్ అవన్నీ వరసగా రాసుకున్నాడు. ఏ ఊళ్లో ఏ తూకం, ఎక్కడ ఎంత సుంకం, ఏ సరుకుని ఏ లెక్కన అమ్ముతారు... ఇవాళ్టి వ్యాపారి ఫోన్‌లో చూసుకునే వివరాలు ఆయనకి ఒక చిన్న పుస్తకంలో ఉండేవి.

ఆ పుస్తకానికి ఆయన పెట్టుకున్న పేరు కూడా సాదాసీదాగానే ఉంటుంది. ‘మా వంశం గురించీ, జరిగిన సంగతుల గురించీ చిన్న పుస్తకం’ అని అర్థం. పాత జర్మన్‌లో ‘ప్యూషెల్’. జర్మన్ భాషలో ఒక వ్యాపారి తన గురించి, తన ఇంటి గురించి రాసుకున్న తొలి పుస్తకాల్లో ఇదొకటి. ఎవరికి ఎవరు పుట్టారు, ఎవరు ఎవర్ని పెళ్లాడారు, ఎవరు పోయారు... దాని పక్కనే యుద్ధం, పక్కనే తూనికలు, ఆ పక్కనే మిల్లు. మన పాత ఇళ్లలో పంచాంగం వెనక అట్టమీద పిల్లల పుట్టిన నక్షత్రాలూ పాలవాడి బాకీ ఒకేచోట రాసుకున్నట్టు ఉంటుంది. సాహిత్యం రాయాలన్న కోరిక ఎక్కడా కనిపించదు. అందుకే నమ్మబుద్ధేస్తుంది.

పేలికల నుంచి పేజీ దాకా

వ్యాపారానికి కాగితం ఎంత అవసరమో స్ట్రోమర్‌కి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? ఉత్తరాలు, పద్దులు, హుండీలు, ఒప్పందాలు... అన్నిటికీ కావాలి. అంతకుముందు రాతకు ఆధారం తోలు. గొర్రెదో దూడదో తోలు తీసి, సున్నంలో నానబెట్టి, గీకి, సాగదీసి ఆరబెడితే పార్చ్‌మెంట్ తయారయ్యేది. అందంగా ఉంటుంది. వందల ఏళ్లు ఉంటుంది. కానీ ఒక పెద్ద పుస్తకానికి ఒక మంద సరిపోదు. తర్వాతి కాలంలో గూటెన్‌బర్గ్ అచ్చేసిన బైబిల్ ఒక్క ప్రతిని తోలు మీద వెయ్యడానికి సుమారు 170 దూడల తోళ్లు పట్టేవని అంచనా. రోజువారీ పద్దులు రాసుకునేవాడికి అంత వైభోగం ఎక్కడ కుదురుతుంది?

కాగితం చైనాలో పుట్టి, సమర్‌ఖండ్, బాగ్దాద్‌ల మీదుగా అరబ్బుల చేతుల్లో నడిచి, స్పెయిన్, ఇటలీ చేరడానికి వెయ్యేళ్లకు పైనే పట్టింది. ఇటలీలోని ఫాబ్రియానో పట్టణంవాళ్లు 13వ శతాబ్దంలో దానికి మెరుగులు దిద్దారు. పాత అవిసెనార గుడ్డలు, చింకి పేలికలు ఏరి, తడిపి, కుప్పపోసి కుళ్లబెట్టేవాళ్లు. వాటిని తొట్లలో వేసి దంచాలి. మనుషులు రోకళ్లతో దంచితే రోజులు పడుతుంది. ఫాబ్రియానోలో ఆ రోకళ్లను నది నీటితో తిరిగే చక్రానికి తగిలించారు. చక్రం తిరుగుతుంటే రోకళ్లు వాటంతటవే లేచి పడుతూ ఉంటాయి. గుడ్డ చివరికి జావలా అయిపోతుంది. ఆ జావను నీళ్లలో కలిపి, సన్నటి తీగలు అల్లిన చట్రాన్ని అందులో ముంచి పైకి తీస్తే, నీరు కారిపోయి పలచటి పొర మిగులుతుంది. ఆ పొరను ఉన్నిగుడ్డ మీద బోర్లించి, ఒకదానిమీద ఒకటి పేర్చి, మరలో పెట్టి పిండి, తాళ్లమీద ఆరేస్తారు. ఆరాక పశువుల ఎముకలు, తోలు ముక్కలు ఉడికించిన జిగురులో ముంచుతారు. లేకపోతే సిరా అద్దగానే పాకిపోతుంది.

వినడానికి తేలికే. కానీ గుడ్డ ఎన్నాళ్లు కుళ్లాలి, ఎంతసేపు దంచాలి, జావ ఎంత చిక్కగా ఉండాలి, చట్రాన్ని నీళ్లలోంచి తీసేటప్పుడు ఎలా కుదపాలి... ఇదంతా చేతికి తెలిసిన విద్య. పుస్తకంలో దొరకదు. ఆ చేతులు ఇటలీలో ఉన్నాయి. అందుకే ఆల్ప్స్ కొండలకు ఇవతల ఉన్న జర్మన్ వ్యాపారులంతా కాగితాన్ని ఇటలీ నుంచి బళ్లమీద తెప్పించుకునేవాళ్లు. వ్యాపారం కోసం మిలాన్, జెనోవాలతో సంబంధాలున్న స్ట్రోమర్ ఈ లెక్క వేసుకున్నాడు. సరుకు తెచ్చుకోవడం కంటే చేతుల్నే తెచ్చుకుంటే పోలా!

అప్పటికి ఆయన వయసు 61. మామూలుగా అయితే కొడుకులకు అప్పజెప్పి కూర్చునే వయసు.

పద్దెనిమిది రోకళ్లు, ఒక తాళం

1390 జూన్ 24. సెయింట్ జాన్ పండగ రోజు. న్యూరెంబర్గ్ గోడకు బయట, పెగ్నిట్జ్ ఒడ్డున గ్లైస్‌మ్యూల్ అనే మిల్లులో కాగితం పని మొదలుపెట్టినట్టు స్ట్రోమర్ రాసుకున్నాడు. ముందుగా పనిలో చేరినవాడు క్లోస్ ఒబ్సర్. అతని చేత ఒట్టు వేయించాడు. తర్వాత యార్గ్ టిర్మన్. పదేళ్లపాటు స్ట్రోమర్‌కి తప్ప ఇంకెవరికీ కాగితం చెయ్యనని అతనూ ఒట్టేశాడు. ఆ తర్వాత వచ్చారు ఇటలీ అన్నదమ్ములు ఫ్రాన్సిస్కో, మార్కో. వాళ్లతోపాటు బార్తొలోమియో అనే కుర్రాడు. పుస్తకంలో ఫ్రాన్సిస్కో పేరు పక్కన ‘మార్కియా’ అని ఉంటుంది. ఫాబ్రియానో ఉన్న మార్కె ప్రాంతం అదేనని చెబుతారు. లంబార్డీ కొండలకి ఇవతల స్ట్రోమర్‌కి, ఆయన వారసులకి తప్ప మరెవరికీ కాగితం చెయ్యబోమని, నేర్పబోమని దేవుడి సాక్షిగా ప్రమాణం చేశారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఒప్పందం రాయించుకుని సంతకం పెట్టించుకుంటే చాలదా, ఈ ఒట్లేమిటి అనిపిస్తుంది. ఆనాడు అలా కాదు. మాట తప్పినవాడు కోర్టు మెట్లెక్కడంతో ఆగడు, నేరుగా నరకానికి పోతాడని అందరి నమ్మకం. పైగా పేటెంట్ లాంటివి లేని కాలం. విద్య ఒకడి బుర్రలో, చేతుల్లో ఉంటుంది. వాడు ఊరు దాటితే విద్య కూడా ఊరు దాటినట్టే. దాన్ని కట్టేసే తాడు ఒట్టు ఒక్కటే.

మిల్లులో రెండు చక్రాలు, 18 రోకళ్లు. పని సాగింది. సాగుతున్నకొద్దీ యజమానికి ఆశ పెరిగింది. మూడో చక్రం పెట్టిద్దామన్నాడు. అన్నదమ్ములు ఒప్పుకోలేదు. నెమ్మదిగా పని చెయ్యడం, అడ్డు చెప్పడం మొదలైంది. చివరికి మిల్లునే తమకు కౌలుకిమ్మని అడిగారు. ఏడాదికి 200 గుల్డెన్లు ఇస్తామన్నారు. గుల్డెన్ అంటే బంగారు నాణెం. స్ట్రోమర్‌కి కోపం వచ్చింది. వీళ్లు తనని తన మిల్లులోంచే బయటికి పంపాలని చూస్తున్నారనీ, ఇచ్చిన మాట తప్పారనీ రాసుకున్నాడు.

రాసింది యజమాని కాబట్టి యజమాని మాటే మనకు వినబడుతుంది. పనివాళ్ల పక్షాన కూడా కొంచెం ఆలోచించవచ్చు. మూడో చక్రం వస్తే ఇంకో తొమ్మిది రోకళ్లో, పదో వస్తాయి. పని పెరుగుతుంది. వాటి దగ్గర కొత్తవాళ్లను పెడతారు. ఆ కొత్తవాళ్లకి పని నేర్పాల్సింది వీళ్లే. అందరూ నేర్చుకున్నాక ఈ ఇటలీవాళ్ల అవసరం ఏముంటుంది? పరాయి దేశం, తెలియని భాష, చేతిలో ఉన్న విద్య తప్ప ఇంకేం లేదు. దాన్ని ఎంత నెమ్మదిగా ధారపోస్తే అన్నాళ్లు అన్నం. వాళ్లు అలా అనుకున్నారో లేదో గానీ, అనుకుని ఉంటే తప్పు పట్టలేం.

మిగతా ఊళ్లలో అయితే వృత్తి సంఘం పెద్దలు వచ్చి మధ్యవర్తిత్వం చేసేవారు. న్యూరెంబర్గ్‌లో సంఘమే లేదు. ఫిర్యాదు చేసింది స్ట్రోమర్. ఆయన నగరసభ మనిషి. అన్నదమ్ములు బురుజు గదిలోకి వెళ్లారు. నాలుగు రోజులకే దిగొచ్చారు. రాజీ కుదిరింది. మళ్లీ ఒట్టు. చెప్పినట్టు పనిచేస్తామని ఈసారి ఇంకాస్త గట్టిగా.

మిల్లు విషయంలో గెలిచింది స్ట్రోమరే. అయితే ఆ గెలుపుని ఆయన ఎక్కువకాలం అట్టిపెట్టుకోలేదు. 1394లో మిల్లుని కౌలుకి ఇచ్చేశాడు. ఎవరికి? పదేళ్ల ఒట్టేసిన యార్గ్ టిర్మన్‌కి. ఇటలీవాళ్లు అడిగితే బురుజు చూపించినవాడు, ఊళ్లో తనకు నమ్మకమైన మనిషికి మూడేళ్లకే అదే కౌలు రాసిచ్చాడు!

అన్న నాటిన అడవి

స్ట్రోమర్ల ఇంట్లో కొత్త పని తలపెట్టడం ఉల్మన్‌తోనే మొదలు కాలేదు. ఆయన అన్న పీటర్ కథ ఇంకా విచిత్రం. గనుల్లో దూలాలకు, ఇనుము కరిగించే కొలుములకు బొగ్గు కోసం న్యూరెంబర్గ్ చుట్టూ అడవిని నరికి నరికి బోడి చేసేశారు. అడవి లేకపోతే కొలిమి లేదు. కొలిమి లేకపోతే వ్యాపారం లేదు. 1368లో పీటర్ స్ట్రోమర్ లోరెంజ్ అడవిలో నరికేసిన మేర నేల దున్నించి, పైన్ గింజలు చల్లించాడు. అంతకుముందు చెట్లు నరికేవాళ్లు ఉన్నారు, పళ్లమొక్కలు నాటేవాళ్లు ఉన్నారు. అడవిని విత్తనం చల్లి పండించవచ్చని చేసి చూపించినవాడు మాత్రం ఈయనే అంటారు. గింజలు ఎండబెట్టడం, చల్లడం ఒక వృత్తిగా మారి, న్యూరెంబర్గ్ మనుషులు ఆ విద్యని, ఆ విత్తనాల్ని ఇతర ప్రాంతాలకు అమ్ముకునేదాకా వెళ్లింది. ఉల్మన్ కాగితం కోసం కట్టిన ఒట్ల కోట లాంటిది దీనికి లేదు. గింజలు ఏ సంచిలో అయినా పడతాయి కదా!

ఇదే పుస్తకంలో మరో పద్దు

ఇంతవరకూ చదివితే ఉల్మన్ స్ట్రోమర్ కాస్త కఠినుడైన, తెలివైన పారిశ్రామికవేత్తగా కనిపిస్తాడు. ‘ప్యూషెల్’ అంతటితో ముగియదు.

ఇప్పుడు న్యూరెంబర్గ్ వెళ్లిన యాత్రికులు తప్పకుండా చూసేది అక్కడి పెద్ద బజారు. దానిలో 19 మీటర్ల ఎత్తున శిఖరంలా నిలబడే ‘అందాల ఫౌంటెన్’, పక్కనే మేరీమాత చర్చి. స్ట్రోమర్ నగరసభలో ఉన్న రోజుల్లోనే, 1385 నుంచి 1396 మధ్య, ఆ ఫౌంటెన్ కట్టారు. ఆ బజారు స్థలం 1349 దాకా యూదులు కాపురమున్న వీధులు. ఊరి నడిమధ్యలో ఉన్న ఆ ఇళ్లు పడగొట్టి బజారు పెట్టుకోవడానికి ఆ ఏడాది నవంబరులో రాజు చార్లెస్ దగ్గర అనుమతి తెచ్చుకొచ్చినవాడు ఇదే వంశానికి చెందిన ఉల్రిచ్ స్ట్రోమర్. డిసెంబరు 5న ఆ వీధుల మీద దాడి జరిగింది. 562 మందిని చంపారు. వాళ్ల ప్రార్థనామందిరం ఉన్నచోటే చర్చి లేచింది.

ఉల్మన్ అప్పటికి కుర్రాడు. ఆ దాడికి ఆయన్ని బాధ్యుణ్ని చెయ్యలేం. 1385 సంగతి అలా కాదు. అప్పటికి ఆయన ఊరిపెద్ద. ఆ ఏడాది రాజు వెన్జెల్‌తో జర్మన్ నగరాలు ఒక ఒప్పందం చేసుకున్నాయి. యూదు వడ్డీ వ్యాపారుల దగ్గర ఊళ్లోవాళ్లు, జమీందార్లు తీసుకున్న అప్పు పత్రాలన్నీ నగరాలే స్వాధీనం చేసుకుంటాయి. ఏడాదిలోపు అప్పుకి వడ్డీ ఉండదు. అంతకంటే పాతవాటిలో నాలుగోవంతు మాఫీ. మిగతాది అప్పు తీసుకున్నవాళ్లు నగరానికి కట్టాలి. ఇచ్చినవాడికి కాదు! దీనికి ఒప్పుకున్నందుకు రాజుకి నగరాలన్నీ కలిసి 40,000 గుల్డెన్లు ఇచ్చాయి. నిర్దేశించిన రోజున యూదుల్ని నిర్బంధించి పత్రాలు లాక్కున్నారు. న్యూరెంబర్గ్ ఖజానాకి ఇందులో పెద్ద మొత్తమే దక్కింది. ఆ వసూళ్ల పద్దు ఉల్మన్ పుస్తకంలో ఉంది. తూనికల పట్టిక రాసినంత నిదానంగానే ఇదీ రాశాడు. తప్పు చేశామన్న జంకు లేదు, చేశామన్న గొప్పా లేదు. అంకెలు, అంతే.

1390లో, సరిగ్గా మిల్లు చక్రం తిరగడం మొదలైన ఏడాదే, రాజు రెండోసారి యూదుల అప్పుల్ని రద్దు చేశాడు. ఇదీ న్యూరెంబర్గ్‌లోనే.

ఆ రోజుల్లో వ్యాపారి సొంత లాభానికి, నగర లాభానికి మధ్య గీత ఎక్కడుందో వెతకడం కష్టం. నగరమంటే తామేనని ఆ కుటుంబాలు నిజాయితీగానే నమ్మినట్టు కనిపిస్తుంది. అలా నమ్మబట్టే నగరం కోసం ప్రాణాలకు తెగించారు కూడా. ఊరి కోట పక్కనే హోహెన్‌జోలర్న్ వంశపు బర్గ్‌గ్రాఫ్ కోట ఒకటి ఉండేది. వాళ్లకీ నగరానికీ పడేది కాదు. ఆయన కోటలో ఏం జరుగుతుందో చూడటానికని నగరసభ 1377లో పక్కనే ఒక ఎత్తైన బురుజు కట్టించింది. దానిపేరు లూగిన్స్‌లాండ్. ‘దేశంలోకి తొంగిచూసేది’ అన్నట్టు ఉంటుంది! 1388లో ఆ పోరు పెద్ద యుద్ధమైంది. దక్షిణ జర్మనీ నగరాలన్నీ ఒకవైపు, జమీందార్లు, యువరాజులు మరోవైపు. ఆ ఆగస్టులో డోఫింగెన్ దగ్గర నగరాల సేన ఓడిపోయింది. పల్లెలు తగలబడ్డాయి. మరుసటి ఏడాది ఎగర్‌లో సంధి. ఈ యుద్ధం కథ కూడా స్ట్రోమర్ తన పుస్తకంలో వివరంగా చెప్పుకొచ్చాడు. అది ముగిసిన ఏడాదికే కాగితం మిల్లు.

మాట తప్పిన మహానగరం

ఒట్టు విషయంలో పనివాళ్లతో అంత కచ్చితంగా ఉన్న పెద్దలకి పదేళ్లు తిరక్కుండా అదే ఒట్టు మెడకు చుట్టుకుంది. వెన్జెల్ న్యూరెంబర్గ్‌లోనే పుట్టినవాడు. నగరం ఆయనకి విధేయంగా ఉంటానని ప్రమాణం చేసింది. 1400 ఆగస్టు 20న నలుగురు పెద్ద ఎలెక్టర్లు ఆయన పనికిరాడంటూ సింహాసనం నుంచి దించేసి, మర్నాడు రూప్రెఖ్ట్‌ని ఎన్నుకున్నారు. ఇప్పుడు ఎవరి పక్షం? పాత రాజుకి ఇచ్చిన మాట ఒకవైపు, గుమ్మంలో నిలబడ్డ కొత్త రాజు మరోవైపు. న్యూరెంబర్గ్ పెద్దలు కొన్నాళ్లు ఊగిసలాడి చివరికి రూప్రెఖ్ట్ వైపు మొగ్గారు. ఒట్టు నుంచి విడుదల చెయ్యమని వెన్జెల్‌ని డబ్బిచ్చి అడిగితే, డబ్బెందుకు, బాఖరాఖ్ ఊరి వైన్ పంపండి చాలన్నాడని ఒక కథ జర్మనీలో చెప్పుకుంటారు. కథే అయినా రెండు పక్షాల స్వభావమూ తెలుస్తుంది. బురుజులో నాలుగు రోజులున్న ఫ్రాన్సిస్కో, మార్కో ఆ మాట విని ఉంటే ఏమనుకునేవారో!

ఉల్మన్ స్ట్రోమర్ 1407 ఏప్రిల్ 3న కన్నుమూశాడు. 78 ఏళ్లు నిండాయి. ఆ శతాబ్దంలో అది చాలా పెద్ద వయసు. 1349 తర్వాత మళ్లీ మళ్లీ వచ్చిన ప్లేగుల్ని దాటుకుని వచ్చినవాడు మరి. కుటుంబం వ్యాపార సంస్థ ఆయన తర్వాత మూడు దశాబ్దాలు కూడా నిలవలేదు. 1430లలో దివాలా తీసింది. కాగితం విద్య మాత్రం ఒట్లను లెక్కచెయ్యలేదు. దక్షిణ జర్మనీలోని రావెన్స్‌బర్గ్‌లో మిల్లులు లేచాయి. 1433లో బాసెల్‌లో మొదలైంది. అన్నీ కొండలకి ఇవతలే. అయినా ఇటలీ కాగితం జోరు తగ్గలేదు. 1455 ప్రాంతంలో మైన్జ్‌లో గూటెన్‌బర్గ్ బైబిల్‌ని అచ్చేసినప్పుడు వాడిన కాగితం ఇటలీలోని పీడ్‌మాంట్ నుంచి వచ్చిందే. జర్మన్ మిల్లులు అప్పటికీ ఆ నాణ్యతని, ఆ మొత్తాన్ని అందుకోలేకపోయాయి.

గ్లైస్‌మ్యూల్‌ని జనం ‘హాడర్‌మ్యూల్’ అని పిలుచుకున్నారు. పేలికల మిల్లు అని. 1493లో న్యూరెంబర్గ్‌లోనే అంటాన్ కోబర్గర్ అచ్చేసిన హార్ట్‌మన్ షెడెల్ ప్రపంచ చరిత్రలో రెండు పేజీల నిండా ఆ నగరం బొమ్మ ఉంటుంది. కోటలు, గోపురాలు, చర్చిలు అన్నీ పైన. కుడివైపు కింది మూలలో, గోడ బయట, నది ఒడ్డున నాలుగు కప్పుల చిన్న గుంపు. స్ట్రోమర్ మిల్లు అదే. పుస్తకానికి కావాల్సిన అసలు సరుకు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పడానికే చిత్రకారుడు దాన్ని వదలకుండా గీశాడేమో. చెత్త గుడ్డ కోసం వీధుల వెంట తిరిగే పేలికలవాళ్ల రోజులు అక్కడి నుంచి ఇంకో 350 ఏళ్లు నడిచాయి. 1844 ప్రాంతంలో ఫ్రీడ్రిఖ్ కెల్లర్ అనే మరో జర్మన్, కర్రని అరగదీసి గుజ్జు చెయ్యడం కనిపెట్టాకే కాగితం గుడ్డని వదిలి చెట్టుని పట్టుకుంది. ఈ పత్రిక కాగితం కూడా ఆ దారిలోదే.

‘ప్యూషెల్’ స్ట్రోమర్ స్వహస్తాలతో రాసిన ప్రతి ఇప్పటికీ న్యూరెంబర్గ్‌లోని జర్మన్ జాతీయ మ్యూజియంలో భద్రంగా ఉంది. దాన్ని 1862లో అచ్చులోకి తెచ్చినవాడు చరిత్రకారుడు కార్ల్ హెగెల్. తత్వవేత్త హెగెల్ కొడుకు. జర్మన్ నగరాల చరిత్రల పరంపరలో మొట్టమొదటి సంపుటమే అది. ఆ వంశంలోనే పుట్టిన వోల్ఫ్‌గాంగ్ ఫాన్ స్ట్రోమర్ (1922-1999) ఆర్థిక చరిత్రకారుడై, తన పూర్వీకుల కాలపు వ్యాపారులు రాజులకు అప్పులిచ్చి రాజకీయాలు ఎలా నడిపారో తవ్వితీశాడు. 1990లో, మిల్లు మొదలై 600 ఏళ్లయిన సందర్భంగా, జర్మనీ కాగితం మిల్లుల సంఘం పూనుకుని ఆ పుస్తకాన్ని ఉన్నదున్నట్టు మళ్లీ అచ్చేయించింది. ఇంట్లోవాళ్ల కోసం రాసుకున్న పద్దులు, పనివాళ్ల ఒట్లు, బురుజు గది తాళం సహా అన్నీ ఇప్పుడు ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు.